మాట్లాడని ఈగ

ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ మీకు గుర్తుందాండీ? అన్నం తినకుండా మారాం చేసే పిల్లకి ముద్దలు కలిపి పెడుతూ మా వైపు అమ్మమ్మలు చెప్పే కథ. అలుకుతూ అలుకుతూ పనిలో పడిపోయి, ఇంతకీ నా పేరేమిటీ అనుకుంటుంది ఈగ. పేదరాశి పెద్దమ్మని అడిగితే ఆవిడకి తెలీదు, కొడుకుని అడగమంటుంది. కొడుక్కి తెలీదు, అతని చేతిలో గొడ్డలికి తెలీదు, గొడ్డలి కొట్టే చెట్టుకీ తెలీదు. అలా తిరిగి తిరిగి చివరికి గుర్రం దగ్గరికొస్తే, దాని కడుపులో ఉన్న పిల్ల సకిలించి ఆ పేరు చెబుతుంది. చెప్పేవాళ్ళని బట్టి మధ్యలో వచ్చేవాళ్ళు మారిపోతుంటారు గానీ, ఈగా మారదు, గుర్రమూ మారదు. పి. సత్యవతి గారు ఈ కథని తీసుకునే 'ఇల్లలకగానే' రాశారు. అందులో పేరు మరచిపోయేది ఇల్లాలు. ఇంటి చాకిరీలో పడి తన పేరే పోగొట్టుకున్న ఆడదాని దుఃఖం చెప్పడానికి ఆవిడకి ఈ చిన్న ఈగే సరిపోయింది చూడండి.

ఇవాళ మీతో ఈగ కబుర్లే చెప్పాలని కూర్చున్నాను. బయట వాన తెరిపివ్వడం లేదు, మీకూ ఎక్కడికీ వెళ్ళే పని లేదు గదా. ఆ అంబాజీపేట పొట్టిక్క తుంచుకు తింటూ వినండి.

2012 జూలై 6న 'ఈగ' సినిమా వచ్చింది. అది ఆషాఢం. గోదారికి ఎర్రనీరు తగిలే రోజులు, పెళ్ళిళ్ళూ ముహూర్తాలూ లేని నెల. అలాంటి నెలలో, హీరో నాని మొదటి అరగంటలోనే విలన్ చేతిలో చచ్చిపోయే సినిమా. తరవాత తెర మీద హీరోగా మిగిలేది అతనే మళ్ళీ పుట్టిన ఒక ఇంటి ఈగ. దానికి మాటల్లేవు, డ్యూయెట్టు పాడే గొంతు లేదు, ఎత్తి పట్టుకోవడానికి కాలర్ లేదు. కోనసీమంతా పోస్టర్లు చూసి, ఈగని ఎవరు చూస్తారండీ అని చాలామంది అన్నారు. అన్నవాళ్ళే పిల్లల చెయ్యి పట్టుకుని మళ్ళీ వెళ్ళారు. తెలుగులో 'ఈగ', తమిళంలో 'నాన్ ఈ' ఒకేసారి తయారయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో హిందీలోకి 'మక్ఖీ' అయి వెళ్ళింది. వసూళ్ళు వంద కోట్లు దాటాయని సినిమా పత్రికలు లెక్కలు రాశాయి. ఆ మరుసటి ఏడాది అరవయ్యవ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఒకటి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఒకటి తెచ్చుకుంది. 2013లో కెనడాలో టొరంటో ఆఫ్టర్ డార్క్ చిత్రోత్సవంలో, తెలుగు ముక్క రానివాళ్ళ మధ్య ఆడి, అక్కడా బహుమతులు కొట్టుకొచ్చింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు పట్టుకున్నది దాని పుట్టుక.

ఈ కథ ఊహించిన విజయేంద్రప్రసాద్ గారిది కొవ్వూరు. గోదారికి ఆ గట్టున కొవ్వూరు, ఈ గట్టున రాజమండ్రి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటాక అదే నీరు గౌతమీ వశిష్ఠలుగా చీలి మనల్ని మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది. కొవ్వూరు దాటిన నీళ్ళే రాజోలు పక్కనుంచి అంతర్వేదికి వెళ్తాయి కాబట్టి ఆ ఊరివాళ్ళు మాకు పరాయివాళ్ళు కాదు. ఆ గట్టున పుట్టిన మనిషి 1990ల నడుమ ఎప్పుడో ఇంట్లో కబుర్లాడుతూ, ఒక ఈగ మనిషి మీద పగబడితే ఎలా ఉంటుందీ అన్నారట సరదాకి. వింటున్నవాడు కొడుకు రాజమౌళి, తరవాత ఈ సినిమా తీసిన దర్శకుడు.

అక్కడితో నవ్వేసి వదిలేయాల్సిన మాట అది. సాయంత్రం అరుగుల మీద ఇలాంటివి రోజుకి పది పుడతాయి, దీపాలు పెట్టేవేళకి పోతాయి. పెద్దాయన దాన్ని వదల్లేదు. ఒక దశలో ఇంగ్లీషు సినిమాకని రాసుకున్నారు. 1830ల అమెరికాలో, బానిసత్వంలో మగ్గుతున్న తన వాళ్ళని విడిపించబోయి చచ్చిపోయిన నల్లజాతి పిల్లవాడు ఈగై పుట్టే కథగా. ఆ ఊహని చూస్తే ఆయన ఈగని ఎంత గౌరవంతో చూశారో తెలుస్తుంది. అన్యాయానికి తలవంచని ప్రాణం ఎంత చిన్న ఒంట్లోనైనా ఉండగలదనే నమ్మకం లేకపోతే ఆ కథ రాదు. అది తెరకెక్కలేదు. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. 2010లో 'మర్యాద రామన్న' అయ్యాక, ఇంతవరకూ చేసినదానికి పోలిక లేనిది ఏదైనా చెయ్యాలని కొడుక్కి అనిపించినప్పుడు, పదిహేనేళ్ళనాటి ఆ ఈగ మళ్ళీ వచ్చి వాలింది.

ఇక్కడ నేను కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే అసలు విశేషమంతా ఇక్కడే ఉంది.

ఈగని బొమ్మగా చెయ్యాలంటే ముందు ఈగని చూడాలి గదండీ. మనం పుట్టింది మొదలు చూస్తూనే ఉన్నాం. వేసవిలో ఆత్రేయపురంలో మామిడి తాండ్ర చాపల మీద ఆరబోసినప్పుడు చూస్తాం, పనసకాయ కోసినప్పుడు చూస్తాం, బెల్లం దిమ్మ మీద చూస్తాం. చూసి చెయ్యి విసురుతాం. ఈగ ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పగలిగేవాడు ఎవడు? అది ఒకచోట నిలవదు, నిలిచినా మనం నిలవనివ్వం. అందుకని సినిమావాళ్ళు ఈగల్ని సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టారు. ఈగల ఒంటికి తన వేడి తాను కాచుకునే శక్తి లేదు, చలి తగిలితే కదలలేక పడిపోతాయి. అలా మత్తుగా పడి ఉన్న కాసేపట్లో దగ్గరగా ఫోటోలు తీసి, వెంట్రుక వెంట్రుకా పరిశీలించారు. హైదరాబాదులో పీట్ డ్రేపర్, అదెల్ అదిలి పెట్టిన మకుట వీఎఫ్‌ఎక్స్ వాళ్ళ పని అది. ఆర్.సి. కమలకణ్ణన్ గారు ఎఫెక్ట్స్ పర్యవేక్షకులు.

చూడగానే వాళ్ళకి ఎదురైన చిక్కు ఏమిటంటే, ఈగకి ముఖం లేదు. ఉన్న ముఖంలో మూడింట రెండు వంతులు కళ్ళే. ఆ కళ్ళు కూడా మన కళ్ళలాంటివి కావు, ఒక్కో కంట్లో వేల కొద్దీ చిన్న చిన్న అద్దాలు. రెప్పలు లేవు, కనుబొమ్మలు లేవు, కనుపాప లేదు. నవ్వడానికి పెదవులు లేవు. ఏడవడానికి కన్నీళ్ళు లేవు. నటన అనగానే మనకి గుర్తొచ్చే వాటిలో ఒక్కటీ దాని దగ్గర లేదు. అయినా రెండు గంటల పైచిలుకు సినిమాని అది మొయ్యాలి. ప్రేమించాలి, బెంగపెట్టుకోవాలి, పగబట్టాలి, గెలిచినప్పుడు పొంగిపోవాలి.

ఇలాంటప్పుడు అందరూ తొక్కే దారి ఒకటుంది. రెండు పెద్ద కళ్ళు అతికించి, మూతి పెట్టి, మాటలు పెట్టడం. బొమ్మల సినిమాల్లో ఎలకలూ బాతులూ అలాగే మాట్లాడాయి. వాళ్ళు ఆ దారిన పోలేదు. అందుకే వాళ్ళకి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. ఈగని ఈగగానే ఉంచారు.

మొదట తయారైన బొమ్మ దర్శకుడికి తృప్తినివ్వలేదు. అంత డబ్బూ అన్ని నెలలూ పెట్టాక కూడా, ఇది కాదు అని మళ్ళీ మొదటికి వచ్చారు. ఆ రోజుల్లో వాళ్ళకి దారి చూపించింది ఒక టేబుల్ లైటు. 1986లో జాన్ లాసెటర్ అనే ఆయన పిక్సార్‌లో 'లక్సో జూనియర్' అని రెండు నిమిషాల బొమ్మల సినిమా తీశాడు. అందులో ఒక పెద్ద లైటు, ఒక పిల్ల లైటు, ఒక బంతి. అంతే. లైటుకి కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. అయినా బంతి పగిలిపోయినప్పుడు ఆ పిల్ల లైటు తల వాల్చుకుంటే మనకి మనసు చివుక్కుమంటుంది. ముఖం చెయ్యాల్సిన పనంతా ఒళ్ళు చేస్తుంది. తల ఎంత వాలింది, ఎంత సేపు ఆగింది, ఎంత తొందరగా లేచింది, వీటిలోనే భావమంతా ఉంది. ఈగకీ అదే దారి పట్టారు.

కొత్తపేట వెళ్ళినప్పుడు శిల్పుల షెడ్ల దగ్గర ఎప్పుడైనా ఆగారా? అక్కడ మట్టితో విగ్రహం చేస్తుంటే గమనించండి. ముందు లోపల ఇనప చువ్వలు నిలబెడతారు. మనిషి నిలబడే తీరు, భుజం వాలు, మెడ తిప్పు, అన్నీ ఆ చువ్వల దగ్గరే తేలిపోతాయి. ముక్కూ మూతీ తరవాతి సంగతి. చువ్వలు సరిగా లేకపోతే పైన ఎంత మట్టి మెత్తినా ఆ మనిషి రాడు. కంప్యూటర్‌లో ఈగని చేసినవాళ్ళూ అంతే. ముందు లోపలి ఎముకల గూడు లాంటిది కట్టుకుని, కాలు ఎక్కడ మడవాలి, రెక్క ఎంత లేవాలి అని తేల్చుకుని, ఆ తరవాతే చర్మం, నూగు, మెరుపు. అలా సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల లెక్కన, రెండు వేలకు పైగా షాట్లు చేశారు.

ఈగకి ఒక అలవాటుంది చూశారూ, ముందు కాళ్ళు రెండూ రాసుకుంటూ ఉంటుంది. అది దానికి శుభ్రం. ఈగకి రుచి తెలిసేది కాళ్ళతో. దుమ్ము పట్టిన కాలితో రుచి తెలీదు కాబట్టి ఎప్పటికప్పుడు తుడుచుకుంటుంది. మనం రోజూ చూసి అసహ్యించుకునే ఆ కదలికే సినిమాలో ఆ ప్రాణి మనసైపోయింది. అది కాళ్ళు రాసుకుంటే ఆలోచిస్తోందని మనకి తెలుస్తుంది. నిటారుగా లేచి నిలబడితే సవాలు చేస్తోందని తెలుస్తుంది. రెక్కలు వాల్చుకుని కూర్చుంటే, తను ప్రేమించిన అమ్మాయి ఏడుపు చూడలేక కూర్చుందని తెలుస్తుంది. కొత్తగా ఏదీ తెచ్చి అంటించలేదండీ. ఈగ దగ్గర ఉన్నదాన్నే ఓపిగ్గా ఏరుకున్నారు.

మరో సంగతి. ఈగ కన్ను మన కన్నుకంటే ఎన్నో రెట్లు వేగంగా చూస్తుంది. మనం విసిరిన చెయ్యి దానికి తీరుబడిగా వస్తున్నట్టు కనిపిస్తుంది, అందుకే ఎంత గట్టిగా కొట్టినా తప్పించుకుంటుంది. కొత్తగా ఈగైన నాని చుట్టూ ఉన్న లోకాన్ని చూసి బెదిరిపోయే ఘట్టాలు చూడండి. మన ఇంట్లోవే వస్తువులు, మన చేతులే, కానీ దాని కంటి ఎత్తు నుంచి చూస్తే ఎంత భయంకరంగా ఉంటాయో! చిన్నదాని కంటితో పెద్దదాన్ని చూడటం మనకి నేర్పింది ఆ సినిమా. ఆ దృష్టి రాకపోతే, ఒక ఈగ కోసం మన గుండె కొట్టుకునేది కాదు.

ఎదుటివైపు విలన్‌గా వేసిన సుదీప్ గారిని మరచిపోతే పాపం తగులుతుంది. కన్నడ నటుడు, మనకి అప్పటికి అంతగా తెలిసినవాడు కాదు. ఆయన ఎదురుగా సెట్లో ఈగ లేదు. ఖాళీ గాలిని చూసి బెదరాలి, ఖాళీ గాలిని కొట్టబోయి తన చెంప తనే వాయించుకోవాలి, నిద్ర పట్టక పిచ్చెత్తిపోవాలి. ఆయన చూపు ఒక అంగుళం తప్పితే అక్కడ ఈగ లేదని మనకి తెలిసిపోతుంది. తప్పలేదు. ఆయన భయపడిన కొద్దీ మన ఈగ పెద్దదైంది. ఈగకి ప్రాణం పోసే బరువులో సగం కంప్యూటర్ల ముందు ఉన్నవాళ్ళు మోస్తే, మిగతా సగం ఈయన ఒక్కడే మోశాడని నా నమ్మకం.

సమంత వేసిన బిందు పాత్ర గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ, నాకు చాలా ఇష్టం. ఆ పిల్ల సూక్ష్మ కళాకారిణి. భూతద్దం పెట్టుకుని, కంటికి ఆననంత చిన్న బొమ్మలు చెక్కుతుంది. అలాంటి కళ్ళున్న పిల్ల కాబట్టే ఈగని గుర్తుపట్టగలిగింది. దానికి సరిపోయే ఆయుధాలు చేసి పెట్టగలిగింది. విజయేంద్రప్రసాద్, రాజమౌళి గార్లు ఆ ఉద్యోగాన్ని ఊరికే ఇవ్వలేదు. ఆ ఈగని తయారుచేసినవాళ్ళు పడిన పాట్లకి కథలో ప్రతినిధి ఆ పిల్ల. ఈగ తానెవరో ఆమెకి తెలియజేసే చోట కూడా నోటితో చెప్పదు, రాసి చూపిస్తుంది. మన అమ్మమ్మ ఈగ పేరు మరచిపోయి ఊరంతా తిరిగింది, ఈ ఈగ చచ్చి పుట్టి కూడా తన పేరు మరచిపోలేదు. నాకు ఆ ఘట్టం చూసిన ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి.

సినిమా మొదలయ్యేది కూడా నిద్రపోయే ముందు కథ చెప్పమని ఒక చిన్నపిల్ల నాన్నని అడగడంతోనే, గమనించారా? హిందీలో ఆ అమ్మానాన్నల గొంతులు అజయ్ దేవగణ్, కాజోల్‌లవి. ఆ ఒక్క ఎత్తుగడతో మనల్ని పిల్లల పక్కన పడుకోబెట్టేశారు. ఇక అక్కడ ఈగ పగబడితే ఎందుకు పడుతుందీ, ఎలా పడుతుందీ అని అడిగేవాళ్ళుండరు.

అయినా మనకి ఇది కొత్త కాదండీ. తెర మీద పాములు పగబట్టడం మన అమ్మల కాలం నుంచీ చూస్తున్నాం. పంచతంత్రంలో ఏనుగుని చంపిన పిచ్చుక కథ తీసుకోండి. మదమెక్కిన ఏనుగు చెట్టు కొమ్మ విరిచేస్తే పిచ్చుక గుడ్లు చితికిపోతాయి. ఏడుస్తున్న పిచ్చుకకి వడ్రంగిపిట్ట, కప్ప, ఈగ తోడొస్తాయి. ఆ ఈగ పేరు వీణారవం. అది ఏనుగు చెవిలో వీణలా పాడితే ఏనుగు హాయిగా కళ్ళు మూసుకుంటుంది, అప్పుడు వడ్రంగిపిట్ట కళ్ళు పొడిచేస్తుంది. దాహంతో తిరుగుతున్న గుడ్డి ఏనుగుని కప్ప తన అరుపుతో గోతి వైపు పిలుస్తుంది. సుదీప్ చెవి పక్కన మన ఈగ రొద పెట్టిన రాత్రి నాకు వీణారవమే గుర్తొచ్చింది. ఆ రొదకి చుట్టూ అల్లిన సంగీతం కీరవాణి గారిది, ఆయనదీ కొవ్వూరే.

పరాయి దేశాల్లోనూ ఇలాంటి చిన్న ప్రాణులు పెద్దపెద్ద వాళ్ళని ఆశ్చర్యపరిచాయి. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే ఆవిడ 1893లో, తనకి ఒకప్పుడు చదువు చెప్పిన గవర్నెస్ గారి అబ్బాయి జబ్బుపడితే, వాడికి ఉత్తరంలో ఒక కుందేలు కథ రాసి బొమ్మలు వేసి పంపింది. దాన్ని పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో రెండు వందల యాభై ప్రతులు వేయించుకుంది. ఆ మరుసటి ఏడాది ఫ్రెడరిక్ వార్న్ సంస్థ వేసింది, నూట పాతికేళ్ళు కావొస్తున్నా ఆ పీటర్ రాబిట్ ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. ఆవిడ కూడా కుందేలుకి నీలం కోటు తొడిగిందే గానీ, దాని కాళ్ళూ చెవులూ నిజం కుందేలువే. చిన్నప్పుడు పెంపుడు కుందేళ్ళని గంటల తరబడి చూసి గీసిన చెయ్యి అది. వాల్ట్ డిస్నీ సంగతి అందరికీ తెలుసు. చేతిలో ఉన్న కుందేలు బొమ్మ హక్కులు పోయాకే 1928లో ఎలకని పట్టుకున్నాడు.

వీళ్ళందరి కంటే మన ఈగ పని కష్టమైందని నేను అంటాను. కుందేలంటే ఎవరికైనా ముద్దే. ఎలక పిల్ల కూడా బొమ్మలో ముద్దుగానే ఉంటుంది. ఈగని ఎవరూ ముద్దుచెయ్యరు. పెంటకుప్ప మీద వాలి వచ్చి అన్నం మీద వాలేది. కలరా మోసుకొచ్చేదని బడిలో గోడ మీద బొమ్మ గీసి మరీ భయపెట్టేది. జనానికి దాని మీద ఉన్నది అసహ్యం. ఆ అసహ్యాన్ని ఒక్కొక్క అంగుళం వెనక్కి నెట్టుకుంటూ, ఆఖరికి సినిమా హాల్లో పిల్లలు లేచి నిలబడి, కొట్టు ఈగా, కొట్టు అని అరిచే దాకా తీసుకొచ్చారు. మా అమలాపురంలో ఆ అరుపులు నా చెవులతో విన్నాను. నా పక్కన కూర్చున్న పెద్దాయన, పంచెకట్టు మనిషి, ఇంటర్వెల్లో బయటికొచ్చి గోలీసోడా తాగుతూ, ఆ సీసా మూతి మీద వాలిన ఈగని విసరబోయి చెయ్యి ఆపేసుకున్నాడు. ఆయ్, దీన్నెలా కొడతామండీ ఇప్పుడు, అన్నాడు. ఆయన గొంతులో వేళాకోళం లేదు.

ఇంకో సంగతి చెప్పి వదిలేస్తాను. మొదట దీన్ని చిన్న సినిమాగా, కొద్ది రోజుల్లో ముగించేద్దామనే అనుకున్నారు. చేస్తున్న కొద్దీ అది పెరిగింది, రోజులు పెరిగాయి, ఖర్చు పెరిగింది. నిర్మాత సాయి కొర్రపాటి గారు వెనక్కి లాగలేదు. ఆ తరవాత వచ్చిన 'బాహుబలి' ఏనుగులూ, దున్నపోతులూ, 'ఆర్‌ఆర్‌ఆర్' పులీ, అన్నీ ఈ ఈగ వెనకే నడిచొచ్చాయని నేను నమ్ముతాను. లేని జంతువుని ఉన్నట్టు నమ్మించగలం అన్న ధైర్యం ఆ బృందానికి ఇక్కడే వచ్చింది. అదీ అతి చిన్న ప్రాణితో.

వాన తగ్గినట్టుంది. ఈ ఆదివారం మీ మనవలతో కూర్చుని ఆ సినిమా మళ్ళీ ఒకసారి పెట్టండి. ఈసారి కథ మీద కాదు, ఈగ ముందు కాళ్ళ మీద కన్నేసి ఉంచండి. ఎక్కడెక్కడ రాసుకుందో, ఎక్కడ రాసుకోవడం ఆపేసిందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. వాళ్ళేం చెప్పారో వచ్చే వారం వచ్చినప్పుడు నాకు చెప్పాలి మరి.